కూలర్ తిరిగింది, జీరో బిల్లు పోయింది

ఎడిటర్ గారికి నమస్కారం.

ఓనరు అద్దె పెంచాడనీ, ఖాళీ చేసినా అడ్వాన్సు తిరిగివ్వలేదనీ పత్రికలకు చాలామంది రాస్తుంటారు. నాది ఆ బాపతు కాదు. నాతో పనిచేసే అతని ఇంట్లో నాలుగు నెలలుగా ఉంటున్నాను, అందులో మొదటి రెండు నెలలు ఒక్క రూపాయి ఇవ్వలేదు. అతను అడగలేదు, అడగలేదు కాబట్టి అక్కర్లేదేమో అనుకున్నాను. నాలాంటివాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరిద్దరుంటారు, వాళ్లు చదువుతారని రాస్తున్నాను.

మాది హనుమకొండ, ప్రభుత్వ ఉద్యోగం. ఏప్రిల్‌లో ఓడీ మీద, అంటే కొన్నాళ్లు వేరే ఆఫీసులో పనిచేయమని, హైదరాబాద్ ఆఫీసుకు పంపారు. ఆర్డర్లో వెంటనే రిపోర్టు చేయాలని ఉంటుంది, రాత్రి ఎక్కడ పడుకోవాలో మాత్రం ఉండదు. రెండు నెలలే అన్నారు. రెండు నెలల కోసం ఇల్లు ఎవరిస్తారు, ఇచ్చినా ఆ రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. అమీర్‌పేటలో హాస్టల్‌కు వెళ్తే భోజనంతో 7,000 అన్నారు, ముగ్గురి షేరింగ్, మిగతా ఇద్దరూ కోచింగ్ పిల్లలు. నాకు 52 ఏళ్లు, వాళ్లు రాత్రి రెండింటిదాకా లైటు ఆర్పరు. ఈ బాధ ఆఫీసులో చెప్పుకుంటుంటే మా సెక్షన్లో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ చేసే తమ్ముడు విని, "మా ఇంటికి రండి సార్, ముందర రూములో పడుకోవచ్చు" అన్నాడు. అద్దె ఎంతివ్వమంటావు అని నేనూ అడిగాను, అడగలేదని కాదు. "మనలో మనకు పైసలేంది సార్" అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా వినిపించిందో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

రామంతాపూర్‌లో రెండు గదుల పోర్షన్, అద్దె 7,500. తమ్ముడు, అతని భార్య, ఐదో తరగతి చదివే పాప. చెల్లెమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నేను పొద్దున డబ్బా కట్టించుకుని పోవడం, రాత్రి వచ్చి తిని ముందర గదిలో కూలర్ పెట్టుకుని పడుకోవడం. ఊరికే ఏం లేను లెండి, ఒకసారి బంగినపల్లి మామిడిపళ్లు ఒక పెట్టె తెచ్చాను, ఆదివారం ఇంటి దగ్గర్నుంచి వచ్చేటప్పుడు పాపకు ఏదో ఒకటి తెచ్చేవాణ్ని. అద్దెకు బదులు అదే సరిపోతుందని మనసులో ఒక లెక్క. మామిడిపళ్లు పెట్టి ఓనరుకు అద్దె కట్టలేమని 52 ఏళ్లవాడికి తెలియదా?

జూన్ మొదట్లో ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి వచ్చి కాగితం చేతిలో పెట్టి, "ఈసారి జీరో రాలేదు సార్, 200 దాటింది" అన్నాడు. 214 యూనిట్లు. అన్నీ కలిపి 1,250. అంతకుముందు వాళ్లకు 150, 160 దాటేది కాదట. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. దాటితే దాటిన 14 యూనిట్లకు కట్టి ఊరుకుంటే చాలదు, మొత్తం కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి రేటు మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, 200 దాటిన ఆ 14 యూనిట్లకు 7.70. ఆ ఇంట్లో కొత్తగా వచ్చిందేమిటంటే నేనూ, నాకోసం రాత్రంతా తిరిగే కూలరూ.

మెల్లగా అడిగితే మిగతావీ బయటపడ్డాయి. నీళ్లకు ఓనరమ్మ మనిషికి 150 లెక్కన తీసుకుంటుంది, "ఇల్లు ముగ్గురికని ఇచ్చాను, నాలుగో మనిషెవరు" అని మొదటి నెలలోనే అడిగిందట. ప్రభుత్వ పథకం కింద వచ్చే 500 రూపాయల సిలిండరు కూడా పాత వాడకాన్ని బట్టి ఏడాదికి ఇన్ని అని లెక్క, నెలన్నర వచ్చే బండ నెలకే అయిపోతోంది. ఇవన్నీ ఇంటికి ఇంత అని కొలిచి ఇచ్చేవి, పైన ఒక మనిషి వచ్చి పడితే ఆ కొలత ఎక్కడో ఒకచోట తెగుతుంది.

మరి తమ్ముడు అద్దె ఎందుకు అడగలేదు? అతని అటెండెన్స్ షీటు మీద నెలనెలా సంతకం పెట్టి ఏజెన్సీకి పంపేది నేను. ఇంతకంటే ఏం చెప్పాలి. నాకు జీతంలో ఇంటి అద్దె భత్యం ఉంది. 2020 పీఆర్సీలో (వేతన సవరణలో) హైదరాబాద్‌కు మూల వేతనంలో 24 శాతం, మా వరంగల్‌కు 17 శాతం పెట్టారు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అలాంటి గడే ఉండదు. అద్దెకని జీతంలో డబ్బులొచ్చేవాడు ఊరికే ఉండడం, రానివాడు అద్దె కట్టి అతణ్ని ఉంచుకోవడం!

ఆ రాత్రి కూర్చోబెట్టి మాట్లాడాను. సగం అద్దె ఇస్తానంటే తమ్ముడు "మీ ఇష్టం సార్" అని తల వంచుకున్నాడు. ఇట్లా తేలదని చెల్లెమ్మను పిలిచాను. ఆమె తడబడలేదు, బ్లౌజుల లెక్క రాసుకునే నోటుబుక్కు తెచ్చింది. గది రాత్రిపూటే నాది, పగలంతా అక్కడే ఆమె మిషను, పాప చదువు, కాబట్టి సగం కాదు, మూడో వంతు, 2,500. కరెంటు బిల్లు మనిషికింత అని పంచుదామంది గానీ నేను ఒప్పుకోలేదు, నేను లేకపోతే ఆ బిల్లే లేదు కాబట్టి 1,250 మొత్తం నాదే. నీళ్లు 150. భోజనం పూటకు 50, రోజుకు రెండు పూటలు, నెలకు 22 రోజులు, గ్యాస్ అందులోనే. అది 2,200. మొత్తం 6,100.

శనివారం, ఆదివారం నేను హనుమకొండ పోతాను కదా, ఆ రోజులకు గది అద్దె తగ్గించాలా అని ఆశగా అడిగాను (పాత బుద్ధి అంత తొందరగా పోదు). "మీరు పోయినా మీ మంచం, మీ పెట్టె ఆడనే ఉంటయి కద అన్నా, బువ్వ తినరు కాబట్టి బువ్వ పైసలు తీసేసిన" అంది. దానికి జవాబు లేదు. చివరికి 6,500 చేద్దాం అన్నాను, పెద్దమనిషినని. లెక్క లెక్కే అంది. మే నెలకు పూర్తిగా, ఏప్రిల్‌కు వచ్చిన తేదీని బట్టి అద్దె, భోజనం, నీళ్లు లెక్కగట్టి, ఆ బాకీ అప్పుడే ఆమె నంబరుకు ఫోన్‌పే చేశాను.

దీని ఇంకో కొస కూడా చూశాను. మా ఆఫీసులోనే ఒకాయన కొత్తగా చేరిన కుర్రాణ్ని హాల్లో పరుపు మీద పడుకోబెట్టి, 9,000 అద్దె ఇంటికి నెలకు 5,000 వసూలు చేశాడు. నువ్వు బయట ఉంటే ఇంతకంటే ఎక్కువవుతుంది కదా అని ఆయన వాదన. బయటి రేటు హాస్టల్‌వాడు చెప్పుకోవాలి, వాడు దాని మీదే బతుకుతాడు. పక్క సీటువాడి దగ్గర తీసుకునేటప్పుడు వాడు ఎంత జాగా వాడుకుంటున్నాడు, వాడి వల్ల ఎంత ఖర్చు పెరిగింది, ఈ రెండే చూడాలి. ఆ కుర్రాడూ అడగలేకపోయాడు, అక్కడ సీనియర్ ఇంటివాడు, మా దగ్గర సీనియర్ చుట్టం, అంతే తేడా. అద్దె మాట సీనియరే ముందు తియ్యాలి, అదీ సంచి లోపల పెట్టకముందే.

నా ఓడీ సెప్టెంబర్ దాకా పొడిగించారు. జూలైలో వానలు పడ్డాక కూలర్ మూలన పెట్టాం, 168 యూనిట్లే వచ్చాయి, మళ్లీ జీరో బిల్లు. ఒకటో తారీఖున నేను అలవాటుగా 6,100 పంపాను. పది నిమిషాల్లో 1,250 వెనక్కి వచ్చింది, కింద 'కరెంట్ లేదు అన్నా' అని మెసేజ్.

— ఒక ప్రభుత్వ ఉద్యోగి, హనుమకొండ
(ప్రస్తుతం రామంతాపూర్)