రేకులు కట్టేస్తే యార్డు భద్రమైనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న కాలనీ. మా వీధి చివరి ఖాళీ ప్లాటులో నాలుగేళ్ల కిందట ఒక వ్యాపారి స్క్రాప్ దించడం మొదలుపెట్టారు. మొదట ఇనుము వచ్చింది. ఆ తర్వాత ప్లాస్టిక్, పాత టైర్లు, ఏ కెమికల్ పోసి ఉంచారో తెలియని డ్రమ్ములు. చుట్టూ ఏడడుగుల రేకులు కట్టారు. ఇప్పుడు లోపలి కుప్ప రేకులకు రెట్టింపు ఎత్తుంది. గాలి దుమారం వస్తే కవర్లు మా మేడ మీదికి ఎగిరొస్తాయి. వాన వెలిస్తే టైర్ల నిండా నీళ్లే. అలా నిలిచిన నీటిలో డెంగీ దోమ పెరగడానికి వారం, పది రోజులు చాలు. నిరుడు మా వీధిలో నలుగురికి డెంగీ వచ్చింది. వాళ్లలో మా మనవరాలు కూడా ఉంది. ఆ దోమ ఆ టైర్లలోనే పుట్టిందని నేను రుజువు చేయలేను గానీ, ఆ వారం రోజులు ఇంట్లో ఎవరం కంటిమీద కునుకు వేయలేదు.

ఫిర్యాదు చేస్తే వచ్చిన ఉద్యోగి రోడ్డు మీదే నిలబడి చూసి, ‘రేకులు కట్టారు కదండీ’ అని వెళ్లిపోయారు. నా బాధంతా ఆ మాట గురించే. అడ్డు కట్టేది చూపు కోసం మాత్రమే కాదు. లోపల సరుకు ఎంత ఎత్తు ఉంది, గోడకూ కుప్పకూ మధ్య మనిషి నడిచే ఖాళీ ఉందా, ఫైరింజన్ లోపలికి తిరగగలదా, ఇవేవీ అడగకుండా రేకులు మాత్రం చూస్తే, అవి ప్రమాదాన్ని జనం కంట పడకుండా దాచే పరదా అవుతాయి.

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడ స్క్రాప్ గోడౌన్‌లో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. మరుసటి ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని ఇళ్లలో ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండు చోట్లా సరుకు ఉండకూడని చోట, జనం మధ్యలో ఉంది.

నియమం రాయడం ప్రభుత్వానికి చేతకాక కాదు. 2018లో కేంద్రం దుమ్ము అదుపు కోసం నియమాలు తెచ్చినప్పుడు, కట్టే భవనం చుట్టూ దాని ఎత్తులో మూడో వంతు, గరిష్ఠంగా 10 మీటర్ల వరకు గాలి అడ్డు ఉండాలని అంకెలతో సహా రాసింది. ఇసుక, మట్టి కప్పకుండా వదలకూడదని కూడా చెప్పింది. రెండు మూడేళ్లలో పూర్తయ్యే భవనానికే అంత లెక్క ఉంటే, ఏళ్ల తరబడి ఇళ్ల పక్కన ఉండే యార్డుకు ఎందుకు ఉండకూడదు?

యార్డులను మూసేయమని నేను అడగడం లేదు. మనం పారేసిన చెత్తను ఏరి పనికొచ్చేలా చేసేది ఆ కూలీలే. వాళ్ల పొట్ట కొట్టాలని మాకు లేదు. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలన్న మాట 2013 నుంచి వింటున్నాం. నియమాలు లేకుండా తరలిస్తే ఇదే కుప్ప రేపు ఏదో ఒక ఊరి బడి పక్కన తేలుతుంది.

అందుకే ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్ చేసే ప్రతిసారీ యార్డు లోపలికి వెళ్లి చూడాలి. రేకుల బదులు పక్కా గోడ ఉండాలి, సరుకు ఆ గోడ ఎత్తు దాటకూడదు. టైర్లు కప్పు కిందే ఉంచాలి. మండే సరుకూ డ్రమ్ములూ ఒక చోట పెట్టకూడదు. ఇళ్ల వైపు చెట్ల వరుసకు జాగా వదలాలి. కూలీలను అక్కడ పడుకోనివ్వకూడదు. ఈ షరతులు గేటు మీద బోర్డుగా ఉంటే తప్పు ఎక్కడుందో మేమే చూపిస్తాం.

ఎండలు ముదరకముందే ఎవరైనా అధికారి టేపు పట్టుకుని మా వీధి చివరి గేటు లోపలికి వెళ్లి ఆ కుప్పను కొలవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాటేదాన్, హైదరాబాద్