మా బంకు కాడ ఆదుకున్నోళ్లందరికీ దండాలు

అందరికీ నమస్తే. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద మా పెట్రోల్ బంకుల నైట్ డ్యూటీల ఉండంగ నాకు కత్తి గాయమైన సంగతి మీకు ఎరికే. కుట్లు ఇప్పిండ్రు. చేతి ఏళ్లు మంచిగనే ముడుసుకుంటున్నయి. మళ్ల డ్యూటీకి పోతున్న. దవాఖానకు వచ్చినోళ్లు, ఫోన్లు చేసినోళ్లు మస్తు మంది. ఒక్కొక్కరికి చెప్పుకునుడు అయితలేదని ఇక్కడ రాస్తున్న.

ముందు ఒక సంగతి సాఫ్ చెయ్యాలె. గ్రూపులల్ల నా ఫొటో పెట్టి "దొంగలతోని కొట్లాడి తరిమిండు" అని తిప్పుతున్నరు. మీ ప్రేమకు దండం గని, నేను కొట్లాడలే. బైకు మీద ఇద్దరు వచ్చిండ్రు, పెట్రోల్ పోయించుకున్నరు, పైసలడిగితే కత్తి తీసిండ్రు. నడుముకున్న కలెక్షన్ బ్యాగు ఇప్పి ఇద్దామంటే బెల్టు బక్కిల్ పట్టేసింది. వాడు ఆగలేక బెల్టు కొయ్యబోయిండు, నా ముంజెయ్యి తెగింది. బ్యాగు వాళ్లకే పోయింది. జరిగింది గంతే.

మొదటి దండం నాతోని డ్యూటీల ఉన్న తమ్మునికి. మెడల తువ్వాల తీసి మడత పెట్టి గాయం మీద పెట్టి, రెండు అరచేతులతోని అదిమిండు. ఎంత తెగిందో చూద్దామని నేను లేపబోతే "లేపకన్నా, లేపకు" అని ఒర్రిండు. తువ్వాల తడిసిపోతే దాన్ని తియ్యలే, దాని మీదనే ఇంకోటి పెట్టి మళ్ల అదిమిండు. లేపి చూస్తే గడ్డకడుతున్న నెత్తురు మళ్ల కారుతదట. కాలేజీల ఎన్‌సీసీల నేర్చుకున్నడట. 108 వచ్చేదాంక ఆ చేతులు తియ్యలే.

తర్వాత, సిమెంటు లోడుతోని హైదరాబాద్ దిక్కు పోతున్న లారీ డ్రైవరన్న. ఆ ఇద్దరు ఆఫీసు రూము దిక్కు మర్లుతుంటే ఈయన బండి బంకులకు తిప్పి, ఫుల్ లైట్లు వాళ్ల మొకాల మీద ఏసి, ఆపకుండ హారన్ కొట్టిండు. కిందికి దిగలే. దిగకుండుడే మంచిదయింది. లోపలి నుంచే 100కు ఫోన్ చేసిండు. వాళ్లు బైకెక్కి ఉరికిండ్రు. పేరు అడుగుదామంటే అప్పటికే నన్ను 108ల ఎక్కిచ్చిండ్రు.

108 సిబ్బందికి, పోలీసు కేసు కాయితాల కోసం చూడకుండ ముందు కుట్లేసిన డాక్టర్లకు, నా తల కాడ కూసున్న నర్సమ్మలకు రుణపడి ఉంట. కేసు ఉన్నా ముందు వైద్యమే చెయ్యాలె అని సుప్రీంకోర్టు 1989లనే చెప్పిందట, నాకు బెడ్డు మీదనే తెలిసింది. నెత్తురిచ్చెటందుకు వచ్చిన పోరగాండ్లు, ఇంటికి బియ్యం పంపిన మా వాడకట్టోళ్లు, జీతం కొయ్యని ఓనర్ సారు, అందరికీ శనార్తులు.

ఇగ ఎక్కువ చెప్పుకోవాల్సింది మా ఊరి రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ సారు గురించి. నాకు దెబ్బ తాకినంక ఓనర్ సారుకు అందరు ఒకటే సలహా: స్టాఫుకు కరాటే నేర్పియ్యి, పంపు కాడ కట్టెలు పెట్టియ్యి, దొంగనాకొడుకులు మళ్ల రారు. ఒకాయన అయితే నాజిల్‌తోని వాళ్ల మీద పెట్రోలే కొట్టుండ్రి అన్నడు. ఫోన్ మాట్లాడొద్దని బోర్డు పెట్టిన కాడ పెట్రోల్ జల్లమంటడు, ఏం తెలివి!

సారు వచ్చి కూసొని ముందుగాల సూర్యాపేట ముచ్చట తీసిండు. 2015 ఏప్రిల్‌ల బస్టాండ్ కాడ పోలీసులు బస్సులు చెక్ చేస్తుంటే ఇద్దరు తుపాకులతోని కాల్చిండ్రు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు పాణం ఇడిసిండ్రు. తర్వాత జానకీపురం కాడ ఎదురుకాల్పులల్ల గాయపడ్డ ఎస్సై సిద్దయ్య సారు దవాఖానల పోయిండు. "వాళ్లు ట్రైనింగ్ అయినోళ్లు, డ్యూటీ అదే అయినోళ్లు. పన్నెండు గంటలు నిలబడి పెట్రోల్ కొట్టే పోరగానికి నాలుగు పంచులు నేర్పి కత్తి మీదికి పొమ్మంటవా?" అని ఓనర్ సారును సూటిగనే అడిగిండు. ప్రైవేటు సెక్యూరిటీ గార్డుకే రూల్స్ ప్రకారం 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు ట్రైనింగ్ ఉండాలెనట. మాకు అన్ని గంటలు ఎవరిస్తరు? ఇచ్చినా చేతికి ఎంబడే గుర్తు రావాలంటే మళ్ల మళ్ల చెయ్యాలె.

అట్లని ఏం నేర్పలే అనుకోకుండ్రి. దోపిడీకి వచ్చినోడు వేరు, చంపుటానికి వచ్చినోడు వేరు అని ముందు మనసుల పెట్టుకోమన్నడు. మొదటోనికి పైసలిస్తే పోతడు. చేతులు కనపడేటట్టు పెట్టాలె, ఏం చేస్తున్నమో చెప్పి చెయ్యాలె, "బ్యాగు ఇప్పుతున్న" అని. వాని మొకం కంటే నడక, మాట, చెప్పులు, బండి పోయిన దిక్కు యాదికుంచుకోవాలె. ఎంబడి పడొద్దు. రెండోడు వస్తే ముందు ఉరుకుడు, అది కాకుంటే తలుపేసుకొని దాక్కునుడు, రెండూ కానప్పుడే ఎదురుతిరుగుడు. అమెరికాల గూడ ఆఫీసులోళ్లకు ఈ వరుసనే నేర్పుతరట. ఆఖరికి అదే వస్తే మాకు చేతికి అలవాటైనది ఒకటుంది, మంటలార్పే సిలిండర్. పిన్ను గుంజి పౌడర్ మొకానికి కొట్టి ఉరకాలె. ఫైర్ డ్రిల్లుల ఎన్నోసార్లు పట్టిందే కాబట్టి వణుకుల గూడ చెయ్యి మర్వదు అన్నడు.

చట్టం గురించి గూడ చెప్పిండు. పాణం కాపాడుకోను ఎదురుతిరిగే హక్కు పాత ఐపీసీల ఉండె, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితల 34వ సెక్షన్ నుంచి ఉంది. గని అవసరానికి మించి కొట్టే హక్కు లేదు. ఉరుకుతున్నోన్ని పట్టుకొని నలుగురు కుమ్మితే మనమే ముద్దాయిలమైతం.

సారు చెప్పిన ముంబై ముచ్చట నాకు బాగ పట్టుకున్నది. 2008 నవంబరు 26 రాత్రి సీఎస్‌టీ రైల్వే స్టేషన్ల కాల్పులైతుంటే విష్ణు జెండే అనే అనౌన్సర్ తన మైకు ఇడువలే. ఏ గేటు నుంచి బయటికి పోవాల్నో చెప్పుకుంటనే ఉన్నడు, మస్తు మంది బతికిండ్రు. ఆయనకు కరాటే ఎవరు నేర్పిండ్రు? చేతుల ఉన్న పనే చేసిండు. మా లారీ అన్న హారన్ గూడ అసొంటిదే.

ఒక్కటి మాత్రం ఓనర్ సారుకు నేనే చెప్పిన, ఆయన తప్పు పట్టలే: ట్రైనింగ్ ఇచ్చినం, ఇగ మీ పాణం మీ ఇష్టం అంటే నడువదు. రాత్రి ఇద్దరికి తక్కువ ఉండొద్దు, మూలకున్న లైటు ఎలగాలె, బ్యాగుల పైసలు పేరుకోవద్దు. సారు ఒప్పుకున్నడు. ఇప్పుడు కొంత జమ కాంగనే సందు పెట్టిన పెట్టెల ఏస్తున్నం, తాళం చెయ్యి మా దగ్గర ఉండదు, ఆ మాట బోర్డు మీద పెద్దక్షరాలతోని రాసి పెట్టినం. బెల్టులు గూడ మార్చిండ్రు, ఒత్తితే ఊడే క్లిప్పువి. ఇది నాకు కరాటే కంటే నయం అనిపించింది.

హెడ్ కానిస్టేబుల్ సారు ఈ క్లాసు వేరేటోళ్లకు గూడ చెప్త అంటున్నడు. చిట్యాల నుంచి నకిరేకల్ దాంక బంకులల్ల, దాబాలల్ల, వైన్సులల్ల రాత్రి పనిచేసేటోళ్లు ఎవరైనా రావచ్చు, ఆడోళ్లు గూడ. పైసలేం లేవు. ఆదివారం పగటీలి షిఫ్టు మారినంక మా బంకు ఎనక షెడ్డుల. రాదల్చుకున్నోళ్లు మీ ఓనర్‌కు ముందే చెప్పి రాండ్రి, ఆ పూట జీతం కొయ్యకుండ మా సారు మాట్లాడుతడు.