డెబ్బై ఒక్క రోజులైంది, నా హెడ్‌సెట్ గురించి ఒక్క మనిషి మాట్లాడండి

హైదరాబాద్,
19 ఆగస్టు 2025

కస్టమర్ కేర్ విభాగం ప్రధాన అధికారి గారికి,

విషయం: ఎడమ చెవి వైపు శబ్దం తగ్గించే భాగం పనిచేయని పైలట్ హెడ్‌సెట్, దానికంటే ముఖ్యంగా జూన్ 11 నుంచి నాకు జవాబు చెప్పని మీ కంపెనీ గురించి.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలియదు. ఇప్పటిదాకా మీకు పదకొండు ఈమెయిళ్ళు రాశాను. తొమ్మిది సార్లు ఫోన్ చేశాను. ఒకసారి మాట్లాడిన మనిషి రెండోసారి దొరకలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ పేరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ఏం జరిగిందో మొత్తం మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం దీన్ని ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

నేను ఏటీఆర్ 72 విమానంలో కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్ని, అంటే కో-పైలట్‌ని. మాది తెనాలి. మీ కంపెనీతో నా పరిచయం నిన్నమొన్నటిది కాదు. ఫ్లయింగ్ స్కూల్లో చేరిన రోజు మా నాన్న కొనిచ్చిన మొదటి హెడ్‌సెట్ మీదే. బ్యాటరీ లేని మామూలు మోడల్. సెస్నా 172లో లైసెన్సుకి కావాల్సిన 200 గంటలూ దానితోనే పూర్తిచేశాను. మే నెల ఎండలో చెవుల చుట్టూ చెమట కారి మెత్తలు పాడైపోతే రెండుసార్లు మార్చుకున్నాను గానీ ఇంకో కంపెనీ వైపు చూడలేదు. విమానంలో ఒంటరిగా ఎగిరిన నా మొదటి సోలో కూడా ఆ హెడ్‌సెట్‌తోనే. మా బ్యాచ్‌లో ఆరుగురి చేత మీదే కొనిపించాను. ఉద్యోగం రాగానే లక్షకు పైగా పెట్టి ఈ ఖరీదైన మోడల్ కొన్నదీ ఆ నమ్మకంతోనే. ఈ రకం విమానం నడపడానికి కావాల్సిన నా టైప్ రేటింగ్‌కి నాన్న పీఎఫ్ డబ్బు మొత్తం ఖర్చయిపోయింది. ఈ హెడ్‌సెట్ మాత్రం నా సొంత జీతంతో కొనుక్కున్నాను.

జూన్ 9న హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్తున్నాం. నేను ఇంకా లైన్ ట్రైనింగ్‌లోనే, అంటే ప్రయాణికులున్న విమానాల్లో ఇచ్చే శిక్షణలోనే ఉన్నాను, పక్కన ట్రైనింగ్ కెప్టెన్ గారు. రాజమండ్రి దగ్గర వాన మొదలైంది. ఏటీఆర్ కాక్‌పిట్‌లో అద్దాల మీద వాన కొడితే ఆ మోత ఎలా ఉంటుందో అందులో కూర్చున్నవాళ్ళకే తెలుసు. సరిగ్గా కిందికి దిగుతున్నప్పుడు నా ఎడమ చెవిలో టప్‌మని చప్పుడై, ఆ వెంటనే హోరు మొదలైంది. రైలు గోదావరి బ్రిడ్జి మీద పోతున్నప్పుడు ఎవరో బోగీ తలుపు తెరిచినట్టు. రెండు సెకన్లకి ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆ రెండు సెకన్లలోనే కంట్రోలర్ మాకు ఎత్తు చెప్పారు. ఆయన చెప్పింది ఆరు వేల అడుగులు. నేను "ఫైవ్ థౌజండ్" అని తిరిగి చదివాను.

కెప్టెన్ గారు చెయ్యి ఎత్తి, "నెగెటివ్, సిక్స్ థౌజండ్" అన్నారు. అదే క్షణంలో కంట్రోలర్ కూడా సరిదిద్దారు. విన్నది తిరిగి చెప్పే రీడ్‌బ్యాక్ అనేది పెట్టిందే అందుకు, కాబట్టి ఏమీ కాలేదు. కానీ ఆ వెయ్యి అడుగుల తేడా అంటే ఏంటో మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా? 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర ఒక విమానానికి పదిహేను వేల అడుగులు, ఎదురుగా వస్తున్న ఇంకో విమానానికి పద్నాలుగు వేల అడుగులు ఇచ్చారు. పైన ఉండాల్సింది కిందికి దిగిపోయింది. రెండూ గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. మా గ్రౌండ్ క్లాసుల్లో ఈ ప్రమాదం గురించి చెప్పకుండా ఎవరూ పాఠం ముగించరు. అక్కడ తప్పు హెడ్‌సెట్‌ది అని నేను అనడం లేదు. రేడియోలో ఒక అంకె విన్నామా, దాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నామా అన్నది మాకు ఎంత పెద్ద విషయమో చెప్పడానికే ఇది రాశాను.

దిగాక కెప్టెన్ గారు, "ఏంటమ్మా, వినబడలేదా?" అని అడిగారు. హెడ్‌సెట్ అన్నాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. ఆ రోజు నా ట్రైనింగ్ ఫైల్లో "రేడియో కాల్స్ వినడంలో శ్రద్ధ పెరగాలి" అని రాశారు. ఆయన స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

వస్తువన్నాక పాడవుతుంది. దానికి నేను మిమ్మల్ని తప్పుపట్టను. వైరు చెవి కప్పులోకి వెళ్ళేచోట ఎక్కడో తెగి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే తల ఎడమకి తిప్పినప్పుడే ఇలా అవుతోంది. నేను కూర్చునేది కుడి సీట్లో. కెప్టెన్ గారి వైపు చూడాలన్నా, మధ్య ప్యానెల్ చూడాలన్నా ఎడమకే తిరగాలి. దీన్ని బాగుచేయడం మీకు అరగంట పని. ఆ అరగంట కోసమే నేను జూన్ 11 నుంచి తిరుగుతున్నాను.

జూన్ 11న మొదటి మెయిల్ పంపాను. "48 గంటల్లో సంప్రదిస్తాం" అని కంప్యూటర్ జవాబు వచ్చింది. ఐదు రోజులు చూసి 16న ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట విన్నాక ఒకబ్బాయి లైన్లోకి వచ్చాడు. "మీరు వాడే ఫోన్ ఏ మోడల్ మేడమ్?" అని అడిగాడు. ఇది ఫోన్‌కి పెట్టేది కాదు, విమానంలో పెట్టేది, రెండు పిన్నులుంటాయి అని చెప్పాను. "సరే మేడమ్, ఒకసారి బ్లూటూత్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, పాటలు వస్తున్నాయో లేదో చూడండి" అన్నాడు. అతన్ని నేను ఏమీ అనలేదు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ తప్పు అతన్ని అక్కడ కూర్చోబెట్టిన మీది.

రెండు రోజుల తర్వాత చేసిన ఫోన్‌లో "మీరు డీలర్ ద్వారా రావాలి" అన్నారు. డీలర్‌కి చేస్తే "మేం అమ్మడం వరకే, కంపెనీకి రాయండి" అన్నారు. ఆ మాటే మీకు చెబితే "డీలర్ అలా అనకూడదే" అన్నారు. మరి ఎలా అనాలో మీరూ మీరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి గానీ, మధ్యలో నన్ను బంతిలా అటూ ఇటూ తన్నడం ఏం న్యాయం?

ఇక నాలుగో ఫోన్. ఇది నేను జన్మలో మర్చిపోను. అంతా విన్నాక ఆవిడ, "సరే మేడమ్, ఒకసారి సార్‌ని లైన్లోకి ఇవ్వండి, వాడేవాళ్ళతో మాట్లాడాలి" అంది. వాడేది నేనే అన్నాను. "అదే మేడమ్, పైలట్ గారితో మాట్లాడాలి" అంది. పైలట్‌ని నేనే అని చెప్పాక రెండు క్షణాలు మౌనం. సారీ కూడా లేదు. 1936లోనే సరళా ఠక్రాల్ చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపింది. ఈ రోజు ప్రపంచ సగటుతో పోలిస్తే మన దేశంలోనే మహిళా పైలట్ల వాటా ఎక్కువ. మీరు ఎవరికి హెడ్‌సెట్లు అమ్ముతున్నారో మీకే తెలియదా? ఆ తర్వాత వచ్చిన ప్రతి మెయిలూ "డియర్ సర్" అనే మొదలైంది. మూడుసార్లు సరిదిద్దమని రాశాను. మార్చలేదు.

చివరికి జూన్ 21న నా ఖర్చుతో మీ సర్వీస్ సెంటర్‌కి కొరియర్ చేశాను. తెల్ల కాగితం మీద ఎర్ర ఇంకుతో "తల ఎడమకి తిప్పినప్పుడు మాత్రమే ఆగిపోతోంది. దయచేసి వైరు కదిపి చూడండి" అని ఇంగ్లీషులో, హిందీలో రాశాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎడమ కప్పు మీద టేపు వేసి అంటించాను. జూలై 18న డబ్బా తిరిగొచ్చింది. లోపల "పరీక్షించాం, లోపం లేదు" అని అచ్చువేసిన చీటీ ఉంది. హెడ్‌సెట్ బయటికి తీస్తే, ఎడమ కప్పు మీద నా కాగితం అలాగే ఉంది. నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి. టేపు అంచు కూడా లేవలేదు. టేపు కింద నా వేలిముద్ర సహా ఎలా పంపానో అలాగే వచ్చింది.

ఎడమ కప్పులో లోపం ఉందని పంపితే, ఎడమ కప్పు మీదున్న కాగితం కూడా విప్పకుండా దేన్ని పరీక్షించారు? ఇరవై ఏడు రోజులు అది మీ దగ్గర ఏం చేసింది? ఆ ఫొటో ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. ఆ రోజు డబ్బా ముందు కూర్చుని నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మా అమ్మమ్మ అనేది. నా పని ఇన్నాళ్ళూ అలాగే అయింది.

ఆ ఇరవై ఏడు రోజులూ నేను ఎలా పనిచేశానో కూడా వినండి. విమానంలో ఉండే స్పేర్ హెడ్‌సెట్ వాడాను. అది కణతలు నొక్కేస్తుంది. కళ్ళజోడు కాడ దగ్గర సందు పడి శబ్దమంతా లోపలికి వస్తుంది. నేల మీద ఉన్నప్పుడు కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్, ఏపీయూ, ఏటీఆర్‌కి ఉండదు. ప్రయాణికులు ఎక్కేటప్పుడు కరెంటు కోసం కుడి ఇంజిన్‌ని ప్రొపెల్లర్ తిరగకుండా బ్రేకు వేసి నడుపుతాం, హోటల్ మోడ్ అంటారు. నా సీటు కూడా కుడివైపే. అలా రోజుకి నాలుగు సెక్టార్లు, అంటే నాలుగు ప్రయాణాలు. హోరు ఎక్కువైతే చెయ్యి దానంతటదే వాల్యూమ్ నాబ్ మీదికి వెళ్తుంది, చెవికి అసలు నష్టం జరిగేది అక్కడే. ఇంటికొచ్చి టీవీ పెడితే, "అంత సౌండ్ ఎందుకే?" అని అమ్మ అడిగింది. ఆ మాటకి నా గుండె ఝల్లుమంది. పైలట్లకి చేసే క్లాస్ 1 మెడికల్ పరీక్షలో ఒక్కో చెవికీ విడిగా పరీక్ష ఉంటుంది. 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర 35 డెసిబెల్స్ దాటి వినికిడి తగ్గకూడదు, 3000 దగ్గర 50 దాటకూడదు. చెవులు పోతే నా ఉద్యోగం పోతుంది, నాన్న పీఎఫ్ డబ్బు పోతుంది. మీకు ఇదొక ఫిర్యాదు టికెట్ నంబరు.

మళ్ళీ ఫిర్యాదు చేశాను. జూలై 29న మెయిల్ వచ్చింది: "మీకు మూడుసార్లు ఫోన్ చేశాం, స్విచ్ఛాఫ్ వచ్చింది. అందువల్ల ఫిర్యాదు మూసివేస్తున్నాం." కింద, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఒక ప్రశ్న. మీరు ఫోన్ చేసిన మూడు సమయాలూ చూసుకున్నాను. మూడుసార్లూ నేను గాల్లో ఉన్నాను. పైలట్లకి వస్తువులు అమ్మే కంపెనీ, పైలట్ ఫోన్ ఆఫ్‌లో ఉందని ఫిర్యాదు మూసేసింది. నా డ్యూటీ రోస్టర్ పంపుతాను, ఖాళీ ఉన్న టైములో చేయండి అని అంతకుముందే రెండు మెయిళ్ళలో రాశాను. ఎవరూ చదవలేదు. ఆగస్టు 6న కొత్త టికెట్ తెరిచారు. మళ్ళీ సీరియల్ నంబరు అడిగారు. అప్పటినుంచి ఈ రోజు వరకు ఉలుకూ లేదు పలుకూ లేదు.

నాకు ఏం కావాలో రాయమంటారా? హెడ్‌సెట్ మార్చి ఇవ్వండి, వారంటీ ఇంకా నాలుగేళ్ళు ఉంది కాబట్టి అది మీరు చేసే సాయం కాదు. కానీ దానికంటే ముందు, జూన్ 9 నాటికి ఇందులో లోపం ఉందని మీ లెటర్‌హెడ్ మీద నా ట్రైనింగ్ విభాగానికి రాసివ్వండి. ఫైల్లో ఆ ఒక్క వాక్యం పక్కన మీ ఉత్తరం ఉంటే నాకు చాలు. ఆ కాగితం ఎవరు విప్పలేదో కనుక్కుని నాకు చెప్పండి. శిక్షించమని అడగడం లేదు, ఎందుకు విప్పలేదో తెలియాలి.

జవాబు రాకపోతే నేను ఊరుకోను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే, జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఎలా వేయాలో ఇప్పటికే కనుక్కున్నాను. బిల్లు, పదకొండు మెయిళ్ళు, కొరియర్ రసీదులు, టేపు ఊడని ఆ కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. మీవి కొన్న మా బ్యాచ్ వాళ్ళు ఆరుగురికీ జరిగిందంతా చెప్పాను. మా ఫ్లయింగ్ స్కూల్లో ఈ ఏడాది చేరిన పిల్లలు ఏ హెడ్‌సెట్ కొనాలని నన్నే అడుగుతున్నారు. వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఎల్లుండి గురువారం, 21వ తేదీ నాకు వీక్లీ ఆఫ్. తర్వాత 28న. ఆ రెండు రోజులూ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఫోన్ ఆన్‌లోనే ఉంటుంది. సీరియల్ నంబరు ఈ ఉత్తరం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. సార్‌ని పిలవమని అడగవద్దు, ఫోన్ ఎత్తేది నేనే.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
ఫస్ట్ ఆఫీసర్, ఏటీఆర్ 72,
హైదరాబాద్ బేస్

జత: బిల్లు నకలు, కొరియర్ రసీదులు, ఎడమ కప్పు ఫొటోలు రెండు, ఆగస్టు, సెప్టెంబర్ నెలల రోస్టర్.