ఒక్క రూపాయితో ఆడే ఆట

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? పోయిన వారం టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ గురించి నువ్వు ఫోన్‌లో అన్న మాట ఇంకా నా మనసులో తిరుగుతూనే ఉంది. "టెక్కెన్‌లో కొరియావాళ్లకి ఆ చేతి ఒడుపు పుట్టుకతో వచ్చిందిరా, వేరేవాళ్లకి రాదు" అన్నావు. ఆ మాట సగంలో ఆగిపోయింది కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

కొరియావాళ్లు గొప్పవాళ్లే, కాదనను. వెనక్కి జరిగే ఒక పద్ధతికి వాళ్ల దేశం పేరే పెట్టారు, కొరియన్ బ్యాక్‌డ్యాష్ అని. స్టిక్‌ని రెండుసార్లు వెనక్కి కొట్టాలి. ఆ అడుగు పూర్తవకముందే కింది మూలకి లాగి, మళ్లీ వెనక్కి తేవాలి. అలా ఆపకుండా చేస్తుంటే బొమ్మ నేలమీద జారుతున్నట్టు వెనక్కి పోతుంది. ఎదుటివాడి దెబ్బ వెంట్రుకవాసిలో తప్పిపోతుంది, వాడి చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే వీళ్లు తిరిగి కొడతారు. నేను నెల రోజులు, రోజుకో అరగంట కూర్చుంటే వరసగా నాలుగు అడుగులు వచ్చాయి. ఎంత సంతోషమేసిందో!

కానీ అది రక్తంలోంచి వచ్చింది కాదురా. సియోల్‌లో గ్రీన్ ఆర్కేడ్ అని ఒక చోటు ఉండేది, కాయిన్ వేసి ఆడే వీడియో గేమ్ షాపు. ఉద్దండులంతా అక్కడికే చేరి, ఒకరితో ఒకరు ఆడీ ఆడీ రాటుదేలారు. పైగా టెక్కెన్ 7 అక్కడి ఆర్కేడ్లకి 2015లోనే వచ్చింది. ఇళ్లలో ఆడుకోవడానికి వచ్చింది మాత్రం 2017 జూన్‌లో. అంటే రెండేళ్లకి పైగా వాళ్లు ముందున్నారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకుఓకాలో ఈవో జపాన్ అని ఫైటింగ్ గేముల పెద్ద పోటీ జరిగింది. లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ ఆష్ వీసా తిప్పలు, విమానాల తిప్పలు పడి అక్కడికి చేరాడు. పాకిస్తాన్ బయట వాడి పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఫైనల్లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఏకేని ఓడించి కప్పు పట్టుకుపోయాడు! గెలిచాక, మా దేశంలో ఇంకా గట్టివాళ్లున్నారని చెప్పాడు. కొరియా దిగ్గజం 'నీ' (Knee) అనే ఆటగాడు ఉన్నాడే, ఆయన ఆ మాటేంటో తేల్చుకోవడానికి స్వయంగా పాకిస్తాన్ వెళ్లాడు. వెళ్లి అక్కడివాళ్ల చేతిలో చాలా ఆటలు ఓడిపోయాడు. అంత పేరున్న మనిషి, ఓడిపోతానేమోనని వెనకాడకుండా వెళ్లి నేర్చుకున్నాడు చూడు, అందుకే ఆయనంటే నాకంత గౌరవం. అదే ఏడాది ఆగస్టులో లాస్ వెగాస్ ఈవో ఫైనల్లో వాళ్లిద్దరే తలపడ్డారు. మళ్లీ అర్స్‌లానే గెలిచాడు.

వాడి ఆట చూడు. దూరం పోడు. దగ్గరే నిలబడి కాచుకుంటాడు, పక్కకి ఒక్క అడుగు వేసి దెబ్బ తప్పించుకుంటాడు, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగుతాడు. ఈ ఆటలో సెకనుకి 60 ఫ్రేములు, అంటే తెరమీద బొమ్మ అన్నిసార్లు మారుతుంది. మామూలు గుద్దు 10 ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరోవంతు. అంత దగ్గర నిలబడి టెన్షన్ పడకుండా ఉండటం ఎంత కష్టమో నీకు తెలుసు. లాహోర్ ఆర్కేడ్లలో కింగ్ ఆఫ్ ఫైటర్స్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్ ఆడుతూ పెరిగినవాడు వాడు. బయటి దేశాలకి వెళ్లే వీలు తక్కువ కాబట్టి, వాళ్లలో వాళ్లే పక్కపక్కన కూర్చుని ఆడుకున్నారు. ఆ ఒరిపిడిలోంచి వచ్చిన ఆట అది.

జపాన్ ఆర్కేడ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ రెండు మెషిన్లు వీపులు ఆనించి పెడతారు. నీ ప్రత్యర్థి అవతలి వైపు ఉంటాడు, మొహం కనపడదు, తెర ఒక్కటే కనిపిస్తుంది. అమెరికాలో ఒకే మెషిన్ ముందు భుజం భుజం రాసుకుంటూ నిలబడేవాళ్లు. పక్కవాడి ఊపిరి వినపడుతూ ఆడేదీ, తెరని మాత్రమే చూస్తూ ఆడేదీ ఒకే ఆట ఎలా అవుతుంది చెప్పు?

నీకు మన తెనాలి షాపు గుర్తుందా? అందరూ ముస్తఫా గేమ్ ఆడుతుంటే, మనిద్దరం మూలనున్న స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేమ్ మెషిన్ దగ్గర లైన్లో నిలబడేవాళ్లం. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు అదే కాయిన్ మీద ఆడుతూనే ఉండొచ్చు. నాకు మామయ్య ఇచ్చిన చిల్లర ఉండేది కాబట్టి మీదపడి ఆడేవాణ్ణి. నీ దగ్గర ఒక్క రూపాయే ఉండేది. చొక్కా జేబులోంచి తీసి, చెమటపట్టిన ఆ కాయిన్‌ని ప్యాంటుకి తుడిచి మరీ వేసేవాడివి. ఇక లేవకూడదని మోకాళ్ల మీద వంగి కాచుకుని, కాచుకుని, నేను గెంతినప్పుడు మాత్రమే కొట్టేవాడివి. ఒకసారి ఆ ఒక్క రూపాయితో సాయంత్రం దాకా ఆడావు. అర్స్‌లాన్ మొదటిసారి కాచుకోవడం చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావురా, ఒట్టు.

ఆ ఫుకుఓకా ఫైనల్ వీడియో ఉంది, ఒక్కడివే కూర్చుని చూడు. ఇంత దూరం నుంచి ఆన్‌లైన్లో ఆడదామంటే లాగ్ చంపేస్తుంది, నొక్కింది ఆలస్యంగా పడుతుంది. సంక్రాంతికి వస్తానన్నావు కదా, రెండు స్టిక్‌లు తెచ్చి పెడతా. పక్కనే కూర్చుందాం.

నీ
రాంబాబు