కొండ మెట్ల మీది మట్టి

పర్లాకిమిడి,
సెప్టెంబరు 2025.

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైందట. ఇంట్లో బల్ల మీద పడి ఉంది. నేను ఊళ్ళో లేను రా. ఏడో సెమిస్టరులో మమ్మల్ని పల్లెలకు పంపుతారని చెప్పాను కదా, మేం ‘రావె’ అంటాం, రైతుల మధ్య ఉండి నేర్చుకునే సెమిస్టరు. నాకూ ఇంకో నలుగురికీ మహేంద్రగిరి వైపు ఒక సవర గిరిజనుల ఊరు పడింది. అక్కడ ఫోను సిగ్నలు దొరకాలంటే రాతి గుట్ట ఎక్కాలి. రెండు రోజులు వెసులుబాటు దొరికితే నిన్న రాత్రి దిగాను. అమ్మ చోడి (రాగి) అంబలి పోసింది. తాగి పడుకున్నాను. పొద్దున లేచి ముందు నీకే రాస్తున్నాను.

తమ్ముణ్ణి అగ్రికల్చరులో చేర్పించాలా, ఇంజనీరింగులో వెయ్యాలా అని అడిగావు. ఉద్యోగాల సంగతి ముందు చెప్పేస్తాను. చదువు నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. అయ్యాక వ్యవసాయాధికారి పోస్టులకు రాసుకోవచ్చు, బ్యాంకుల్లో వ్యవసాయ రుణాలు చూసే ఆఫీసరు పరీక్ష రాసుకోవచ్చు, విత్తనాల కంపెనీలున్నాయి. ఇంకా చదువుతానంటే ప్రవేశ పరీక్ష రాసి పీజీకి వెళ్ళొచ్చు. పోటీ గట్టిగానే ఉంటుంది, దాచను. ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకుంటున్నది మట్టి గురించి. కాస్త ఓపికగా చదువు.

మొదటి ఏడాది నాకు అస్సలు నచ్చలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. పురుగుల్ని పట్టి డబ్బాలో సూదులతో గుచ్చి పెట్టడం, కలుపు మొక్కలు ఎండబెట్టి అట్టలకు అతికించడం, ఒక్కోదానికీ లాటిన్ పేరు బట్టీ పట్టడం. ఇవన్నీ నాన్న రోజూ గట్టు మీద చూసేవే కదా, వీటి కోసమా అప్పు చేసి ఫీజు కట్టింది అని బెంగగా ఉండేది. తరవాత మాలో ప్రతి ఒక్కరికీ చిన్న మడి ఇచ్చారు. ఆకుమడి పోయడం నుంచి నూర్పు దాకా మేమే చెయ్యాలి. ఉభాలు, అదే నాట్లు, నేను బాగానే వేశాను. నెల తిరక్కుండా ఒక మూల పైరు పసుపు తిరిగింది. యూరియా చాల్లేదనుకుని చల్లబోతుంటే మేడం ఆపి, ముందు ఒక దుబ్బు పీకి వేళ్ళు చూడమన్నారు. పీకాను. వేళ్ళు నల్లగా ఉన్నాయి, కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. అక్కడ నీరు కదలక నిలిచిపోయి, గాలి అందక, మట్టిలో విషవాయువు పుట్టి వేళ్ళను చంపుతోందన్నమాట. నీరు తీసేసి కొన్నాళ్ళు ఆరగట్టాను. మళ్ళీ పీకి చూస్తే తెల్ల వేళ్ళు! యూరియా చల్లి ఉంటే డబ్బూ పోయేది, పైరూ పోయేది. ఆకు చూసి మందు చెప్పకూడదని ఆ రోజు నాకు బాగా ఎక్కింది. ఈ చదువు మీద ఇష్టం కలిగింది ఆ దుబ్బు దగ్గరే.

ఇక ఆ సవర ఊరి సంగతి. మా పుస్తకంలో భూముల్ని ఎనిమిది తరగతులుగా విడగొడతారు. మొదటి నాలుగూ సాగుకు పనికొస్తాయి, తక్కిన నాలుగూ పచ్చికకో అడవికో వదిలెయ్యాలి. వాలు బాగా ఎక్కువున్న కొండ ఆరో తరగతో ఏడో తరగతో అవుతుంది. మేం వెళ్ళిన వారంలోనే ఊరి వాళ్ళందరినీ చింతచెట్టు కింద కూర్చోబెట్టి చార్టు తగిలించి మీటింగు పెట్టాం. ఈ వాలులో సాగు చెయ్యకూడదు, మట్టి కొట్టుకుపోతుంది అని నేనే చెప్పాను. నేను ఒడియాలో చెబుతుంటే, పదో తరగతి చదివే ఒక అమ్మాయి సవరలోకి మార్చి చెబుతోంది. ఒక ముసలి తాత అంతా విన్నాడు. విని ఒకటే ప్రశ్న అడిగించాడు. “మరి ఎక్కడ చెయ్యాలి?”

నా దగ్గర జవాబు లేదు బావా. చుట్టూ చూస్తే కొండే. కింద పల్లం భూములు వాళ్ళవి కావు. ఆ ఏడో తరగతి నేల మీదే చోళ్ళు, సామలు, కందులు, కొండ చీపుళ్ళు పండించుకుని బతుకుతున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లారకుండానే తాత వచ్చి లేపి, నీళ్ళు పారే గెడ్డ వెంట పైకి తీసుకెళ్ళాడు. గంట నడిచాక కనిపించాయి మెట్టు మడులు. కొండ వాలును మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకీ రాళ్ళతో గోడ పేర్చారు. సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి. కొన్ని గోడలు నా నిలువెత్తు ఉన్నాయి. పైనున్న ఊట నీరు మొదటి మడిలోకి వచ్చి, అది నిండాక రెండోదానిలోకి, అక్కడి నుంచి మూడోదానిలోకి దిగుతోంది. కొన్ని మడులు మన ఇంటి అరుగంత కూడా లేవు. వాటిలోనూ వరి ఉంది. కింది మెట్టు నుంచి వచ్చే నీళ్ళు దోసిట్లో పట్టి చూశాను. తేటగా ఉన్నాయి. అదే పక్క కొండ మీద పోడు కొట్టిన చోటు నుంచి దిగే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అక్కడ నిలబడి ఉంటే క్లాసులో చెప్పిన సూత్రం గుర్తొచ్చింది. ఏడాదికి ఎంత మట్టి కొట్టుకుపోతుందో లెక్క కట్టే సూత్రం అది. 1965లో విష్‌మైయర్, స్మిత్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పుస్తకంగా తెచ్చారు. అందులో ఆరు అంశాలుంటాయి. వాన తాకిడి, మట్టి స్వభావం, వాలు పొడవు, వాలు ఏటవాలు, నేల మీద పైరు కప్పు, గట్ల లాంటి కట్టడాలు. ఆరింటినీ గుణించాలి. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి తగ్గించినా మొత్తం తగ్గుతుంది. వాన మన చేతిలో లేదు, మట్టి స్వభావం అంత తేలిగ్గా మారదు. తాతల తాతలు ఏం చేశారంటే వాలు పొడవును ముక్కలు చేశారు, ఏటవాలును చదును చేశారు, గట్టు కట్టారు. ఆరింటిలో మూడు వాళ్ళ రాతిగోడల్లోనే ఉన్నాయి. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ అది నాకు అర్థమైంది మాత్రం ఆ గోడ దగ్గరే.

రెండు చోట్లా మట్టి నమూనాలు తీశాను. ఎలా తియ్యాలో నీకూ చెబుతాను, మీ గరువు పొలంలో కూడా ఒకసారి తియ్యాలి. పైన చెత్త తీసేసి, పారతో ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని గోడ వెంబడి పైనుంచి కిందికి సమంగా మట్టి గీకాలి. పొలంలో పది చోట్ల అలా తీసి, కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారెయ్యాలి. అర కిలో మిగిలేదాకా మళ్ళీ మళ్ళీ అంతే. గట్టు పక్కనా, పెంట కుప్ప పోసిన చోటా, చెట్టు కిందా తియ్యకూడదు.

మధ్యలో ఒకసారి కాలేజీకి వచ్చి ల్యాబులో సేంద్రియ కర్బనం పరీక్ష చేశాను. నారింజ రంగు ద్రావణంలో మట్టి వేసి, గాఢ ఆమ్లం పోస్తే సీసా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. చల్లారాక చుక్క చుక్కగా ఇంకో ద్రావణం వదలాలి. ముదురు ఊదా రంగు ఉన్నట్టుండి ఒక్క చుక్కకి పచ్చగా మారిపోతుంది. ఆ చుక్క దాటితే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి, అందుకని చాలా టెన్షన్ పడతాం. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. మెట్టు మడి మట్టి 0.75 దాటింది. మూడో ఏటి పోడు మట్టి 0.5 కూడా అందుకోలేదు. మధ్య దూరం అర కిలోమీటరు కూడా ఉండదు.

పోడును తిట్టడానికి ఇది రాయడం లేదు. పోడు ఎందుకు కొడతారో ఈ చదువే నాకు చెప్పింది. మన ఎర్రమట్టి చాలాచోట్ల పుల్లగా ఉంటుంది, ఆమ్ల గుణం అన్నమాట. అలాంటి నేలలో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుని పైరుకు ఇవ్వవు. మేమైతే సున్నం వెయ్యమంటాం. కొండ మీదికి సున్నం ఎవరు మోస్తారు? చెట్లు నరికి కాలిస్తే వచ్చే బూడిద ఆ పులుపును కొన్నాళ్ళు విరుస్తుంది, పొటాషియం కూడా ఇస్తుంది. రెండు మూడేళ్ళు పండి, తరవాత సారం పోతుంది. వాళ్ళు ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి వెళ్ళేవారు. మళ్ళీ మొదటి చోటికి వచ్చేసరికి అడవి పెరిగి ఉండేది. తాత చిన్నప్పుడు వాళ్ళ నాన్న వదిలేసిన పోడుకు తిరిగొచ్చేసరికి తాతకు మీసాలొచ్చాయట. ఇప్పుడు మూడు నాలుగేళ్ళకే తిరిగొస్తున్నారు. మనుషులు పెరిగారు, అడవి తగ్గింది. నేలకు విశ్రాంతి లేదు. తప్పు నిప్పుది కాదు బావా, ఆ తిరిగొచ్చే గడువు తగ్గిపోవడానిది.

తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబరు 11. మనం తొమ్మిదో తరగతి. పొద్దున లేచేసరికి మా జీడితోటలో సగం చెట్లు పడిపోయి ఉన్నాయి, నాన్న తోటలోకి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. గెడ్డ ఎర్రగా, చిక్కగా పారింది. పల్లంలో వరి మీద ఇసుక మేట వేసింది. మన గజపతి జిల్లాలోనే కొండచరియలు విరిగి మనుషులు పోయారు. అప్పుడు అందరం గాలి గురించే మాట్లాడుకున్నాం. ఆ గెడ్డలో పోయిన ఎరుపంతా ఎవరి పొలంలోనిదో నేను ఆలోచించలేదు. ఒక సెంటీమీటరు మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఆ రోజు మన కళ్ళ ముందే ఎన్ని వందల ఏళ్ళు మహేంద్రతనయలో కలిసి, వంశధారలో పడి, సముద్రానికి పోయాయో!

ఇంకోటి, మీ నాన్నగారికి చెప్పు. మీ పల్లం మడి ఏటా వరదకు మునుగుతుంది కదా. స్వర్ణ వేసే చోట స్వర్ణ సబ్-1 వెయ్యమను. మామూలు స్వర్ణ పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టింది, 1982లో వచ్చింది. దానికి మునకను తట్టుకునే జన్యువు ఎక్కించారు. ఆ జన్యువు ఎక్కడిదనుకున్నావు? మన ఒడిశా పాత దేశవాళీ వరిదే! 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీట మునిగినా బతికి మళ్ళీ చిగురిస్తుంది. బ్రీడింగు క్లాసులో ఇది విన్న రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మనలాగే ఉంది కదా ఆ వరి కూడా. మీ నాన్నగారికి ఒక మాట మాత్రం ముందే చెప్పు, అది మునకకే. నెలల తరబడి నీరు నిలిచే చోట పనికిరాదు.

భాష దగ్గరే నేను ఎక్కువ ఇబ్బంది పడుతున్నాను. తాత సవరలో చెబుతాడు, ఆ అమ్మాయి ఒడియాలో చెబుతుంది, నేను రికార్డులో ఇంగ్లీషులో రాస్తాను. మూడు చేతులు మారేసరికి తాత చెప్పిందాంట్లో ఎంత జారిపోతోందో అని దిగులు. మట్టి రంగుకి, తడికి, రాయి కలిసిన తీరుకి ఆయన వేర్వేరు మాటలు వాడుతున్నాడని వింటే తెలుస్తుంది. నా రికార్డులో అవన్నీ ‘ఎర్ర నేల’ అయిపోయాయి. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే మేష్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. చిన్నప్పుడు ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేవాళ్ళం, నువ్వే కుర్చీ ఎక్కేవాడివి. ఇప్పుడు నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టాను. తాత అన్న మాట అన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసుకుని, పక్కన ఆ మట్టిని కాస్త కాగితంలో పొట్లం కట్టి అతికిస్తున్నాను. ఇప్పటికి పదకొండు పొట్లాలయ్యాయి. మార్కులకు ఇది లెక్కలోకి రాదు. అయినా మానను.

ఊరి వాళ్ళు ఈసారి చోళ్ళ మీద ఆశ పెట్టుకున్నారు. 2025-26కి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, మామూలు వరికి 2,369. ఒడిశాలో చిరుధాన్యాల కోసం 2017లో మిల్లెట్ మిషన్ మొదలైంది, చోళ్ళు ప్రభుత్వమే కొంటోంది. కానీ కొండ దిగి కొనే చోటికి మోసుకెళ్ళాలి. దారిలోనే ఎవరైనా తక్కువ ధరకు అడిగితే అలిసిపోయి ఇచ్చేస్తారు. మేం ఐదుగురం కలిసి బస్తాలన్నీ ఒకేసారి బండి మాట్లాడి పంపేలా ఊళ్ళో ఒప్పించే ప్రయత్నంలో ఉన్నాం. మూడిళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు.

తమ్ముడి సంగతి. ఫారం నింపే ముందు దసరా సెలవుల్లో వాణ్ణి నా దగ్గరికి పంపు. నౌపడలో రైలెక్కితే పర్లాకిమిడిలో నేనే దింపుకుంటాను. అక్కడి నుంచి ఊరికి కొంత జీపు, మిగతాది నడక. చెప్పులు వద్దు, బూట్లు వేసుకురమ్మను, జెలగలుంటాయి. మొన్నటి వానకి నాలుగో మెట్టు గోడ ఒక మూల జారింది. పండగ అయ్యాక దాన్ని మళ్ళీ పేర్చాలని తాత అన్నాడు. రాళ్ళు అందించడానికి మనిషి కావాలి.

అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు. నువ్వు సంక్రాంతికైనా రా.

నీ
బావ