సూర్యాపేట దగ్గర ఆదుకున్న మెకానిక్ తమ్ముడికి

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దగ్గర రాత్రి తొమ్మిదింటికి కారు డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ హెచ్చరిక లైటు వెలిగింది. 12 ఏళ్ల పాత కారు, నేను కొని రెండు నెలలే. వెనక సీట్లో నాన్న. పక్కకు ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతుంటే, షట్టర్ దించుతున్న తమ్ముడు పరుగున వచ్చాడు. "అక్కా, ఇక తాళం తిప్పకండి, ఇంజన్ పట్టేస్తుంది!"

ఆ ఒక్క మాటే మా ఇంజన్‌ను కాపాడింది.

ఆయిల్ మూత తీసి టార్చి వేస్తే లోపలంతా తారులాంటి నల్లటి మడ్డి. అతను గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ విప్పాడు. ఆయిల్ పీల్చే జల్లెడ దాదాపు మూసుకుపోయి ఉంది. దాన్ని కిరోసిన్‌లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో గంటసేపు తోమాడు, ఒక్కో రంధ్రం కనబడేదాకా. మడ్డిని కరిగించి కడిగే ఫ్లషింగ్ మందు పోయమంటే వద్దన్నాడు. పైనున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే మళ్లీ జల్లెడకే అడ్డుపడుతుందట. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి 1000 కిలోమీటర్లకే మళ్లీ మార్చమన్నాడు.

ఛాంబర్‌కు రాసిన సీలెంట్ ఆరేలోగా చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, తన క్యారియర్ విప్పి నాన్నకు పెరుగన్నం పెట్టాడు. "షుగరున్న పెద్దాయన, ఖాళీ కడుపుతో ఉండకూడదు" అంటూ. అప్పటికి తానింకా తినలేదు. సామాన్ల డబ్బులు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

తమ్ముడూ, నీకు వెయ్యి దండాలు. నీ క్యారియర్ గిన్నె ఒకటి మా కారులోనే ఉండిపోయింది. ఆయిల్ మార్పించుకోవడానికి నీ దగ్గరికే వస్తున్నాం, నాన్న కూడా వస్తానంటున్నారు.