కళాశాల బేస్‌బాల్ కోచ్‌లను సీజన్ మధ్యలో మార్చవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. అంతర కళాశాలల పోటీల ఫలితాలను మీ క్రీడా పుటలో క్రమం తప్పకుండా ప్రచురిస్తున్నందుకు కృతజ్ఞతలు. అయితే ఆ ఫలితాల వెనుక ఉండే ఒక సంగతి ఎక్కడా అచ్చులోకి రాదు. విశాఖపట్నంలోని చిన్న కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరు (పీడీ) బదిలీ అయినా, పార్ట్‌టైమ్ కోచ్ ఒప్పందం ముగిసినా దానిని కార్యాలయ వ్యవహారంగానే చూస్తారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ జట్లు ఆ మార్పును ఎలాగో తట్టుకుంటాయి, ఎందుకంటే ఆ ఆటలు పిల్లలకు బడి నుంచే తెలుసు, వీధిలో ఆడేవాళ్ళు ఉన్నారు, ఇంట్లో చెప్పేవాళ్ళు ఉన్నారు. బేస్‌బాల్‌కు ఆ దన్ను లేదు. డిగ్రీలో చేరే వరకు గ్లవ్ ముఖం చూడని కుర్రవాడు ఈ ఆటలోకి వస్తున్నాడంటే అందుకు సాధారణంగా ఒకే ఒక్క కారణం ఉంటుంది, అది ఆ కళాశాలలో ఉన్న పీడీ గారు. ఆయన వెళ్ళిపోతే జట్టుకు కోచ్ ఒక్కడే పోయినట్టు కాదు, చాలా సందర్భాల్లో ఆ కళాశాలలో ఆటే పోతుంది. ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి గనుక ఈ విషయాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర బేస్‌బాల్ జట్టు ఎలా తయారవుతుందో ముందుగా చెప్పాలి. సెలక్షన్ ట్రయల్స్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది క్రికెట్ జట్టులో చోటు దొరకనివారు, జావెలిన్ విసిరేవారు, హ్యాండ్‌బాల్ ఆడేవారు. దీన్ని తక్కువగా చూడనక్కరలేదు. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే బేస్‌బాల్ సంస్థ ఒప్పందం కుదుర్చుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన జావెలిన్ క్రీడాకారులే. కానీ క్రికెట్ నుంచి వచ్చిన పిల్లవాడికి కొత్తగా నేర్పడం కంటే పాత అలవాట్లు మాన్పించడమే పెద్ద పని. బంతి కొట్టగానే బ్యాట్ పట్టుకుని పరుగెత్తడం అతనికి అలవాటు, ఇక్కడ బ్యాట్ వదిలేసి పరుగెత్తాలి. కొట్టినా పరుగు తీయాలా వద్దా అని ఆలోచించుకునే వెసులుబాటు క్రికెట్‌లో ఉంది, ఇక్కడ కొట్టిన బంతి మైదానం గీతల లోపల పడితే పరుగెత్తక తప్పదు. మోచేయి వంచకుండా బౌలింగ్ చేయడం నేర్చుకున్న చేతితో, మోచేయి వంచి అరవై అడుగుల ఆరు అంగుళాల దూరం నుంచి, బ్యాటర్ మోకాళ్ళకూ ఛాతీకీ మధ్య ఉండే ఇరుకైన జాగాలోకి బంతి వేయించాలి. బంతి విసిరే పిచర్‌కూ, బ్యాటర్ వెనుక కూర్చుని దాన్ని అందుకునే క్యాచర్‌కూ మధ్య వేళ్ళ సైగలు కుదరాలి. బేస్ అనే మజిలీ మీద ఉన్నవాడు ఎప్పుడు దొంగపరుగు తీసి తరవాతి బేస్ చేరాలో, బ్యాట్ అడ్డం పెట్టి బంతిని దగ్గరలోనే పడేసే బంట్ ఎప్పుడు ఆడాలో, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ బంతి అందుకున్నాక ఒకే ఊపులో ఇద్దరిని ఔట్ చేసే డబుల్ ప్లే కోసం ఎవరు ఎక్కడికి కదలాలో ఒంటికి పట్టేంతగా సాధన చేయించాలి. ఇదంతా ఏడాదిలో అయ్యే పని కాదు. మొదటి సంవత్సరం అలవాట్లు మాన్పించడానికి, రెండో సంవత్సరం ఆట నేర్పడానికి సరిపోతుంది, మూడో సంవత్సరంలో గాని జట్టు జట్టులా ఆడదు. ఆ మూడేళ్ళలో కోచ్ రెండుసార్లు మారితే, వచ్చిన ప్రతివారూ మళ్ళీ మొదటి సంవత్సరం పాఠమే చెబుతారు.

ఇంతకంటే తీవ్రమైనది పిచర్ చేతి విషయం. బేస్‌బాల్ పిచర్ మోచేతి లోపలి వైపున ఉండే స్నాయుబంధం మీద ప్రతి విసురుకూ విపరీతమైన ఒత్తిడి పడుతుంది. తగిన విశ్రాంతి లేకుండా విసురుతూ పోతే అది అరిగి, చివరకు తెగుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు చేసిన శస్త్రచికిత్స ఈ గాయానికే, ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ను ఆ ఆటగాడి పేరుతోనే పిలుస్తారు. అందువల్లనే అమెరికాలో ఏ పిచర్ ఏ రోజు ఎన్ని బంతులు విసిరాడో లెక్క రాసి, ఆ లెక్కను బట్టి విశ్రాంతి ఇస్తారు. మన కళాశాలల్లో ఆ లెక్క ఉంటే కోచ్ బుర్రలో ఉంటుంది, లేదా ఆయన సొంత నోటుబుక్కులో ఉంటుంది. ఆయన ఆగస్టులో వెళ్ళిపోయి సెప్టెంబరులో ఇంకొకరు వస్తే, కొత్తవారికి కనిపించేది గట్టిగా విసిరే ఒక కుర్రవాడు మాత్రమే. పోయినేడాది భుజం నొప్పితో ఎన్ని వారాలు ఆగాడో వారికి ఎవరూ చెప్పరు, అడిగితే తనను పక్కన పెడతారేమోనని ఆ పిల్లవాడూ చెప్పడు. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసం నొప్పి దాచుకునే పిల్లలు ఎందరో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఈ ఆట పుట్టి పెరిగిన అమెరికాలో చిన్న కళాశాలలు దీన్ని ఎలా నడుపుతున్నాయో చూస్తే మనకు పనికొచ్చే సంగతులు కొన్ని కనిపిస్తాయి. అక్కడి కళాశాలల క్రీడలను ఎన్‌సీఏఏ అనే సంఘం మూడు డివిజన్లుగా విభజించింది. మూడో డివిజన్‌లో ఉన్నవి ఎక్కువగా చిన్న కళాశాలలు, అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీల్లేదు. పిల్లవాడిని డబ్బుతో రప్పించలేరు గనుక చదువు చూసి, ఆ తరవాత కోచ్‌ను చూసి అతడు ఆ కళాశాలలో చేరతాడు. ఒహాయో రాష్ట్రంలోని మారియెటా కళాశాల ఇందుకు మంచి ఉదాహరణ. డాన్ షాలీ అక్కడ 1964 నుంచి 2003 వరకు నలభై సీజన్లు కోచ్‌గా ఉండి 1,442 మ్యాచ్‌లు గెలిపించారు, 1981, 1983, 1986లలో జాతీయ టైటిళ్ళు సాధించారు. ఆయన తరవాత ఆ బాధ్యతను బయటినుంచి ఎవరినో తెచ్చి అప్పగించలేదు, అదే కళాశాలలో చదివి ఆడిన బ్రయన్ బ్రూవర్‌కు ఇచ్చారు. బ్రూవర్ హయాంలో 2006, 2011, 2012లలో మళ్ళీ టైటిళ్ళు వచ్చాయి. ఎన్‌ఏఐఏ అనే మరో సంఘంలో ఆడే ఐడహో రాష్ట్రంలోని లూయిస్-క్లార్క్ స్టేట్ కళాశాలలో ఎడ్ చెఫ్ 1977 నుంచి 2010 వరకు ఉండి పదహారు జాతీయ టైటిళ్ళు గెలిచారు. ఆయన వెళ్ళాక కూడా 2015, 2016, 2017లలో ఆ కళాశాల వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచింది. గొప్ప కోచ్ వెళ్ళిపోయాక కూడా గెలవడం ఆయన ఉండగా గెలవడం కంటే కష్టమని నా అభిప్రాయం. పద్ధతి కళాశాలలో మిగిలిపోయినప్పుడే అది సాధ్యపడుతుంది.

దూరదేశపు కథలు మనకెందుకని కొందరు అనవచ్చు. ఉత్తరాంధ్రకు ఈ పాఠం కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చారు. ఒకే చోట నిలబడి నేర్పే గురువు ఉంటే ఏమవుతుందో మన జిల్లాలు చూశాయి.

ఇక కళాశాలల మధ్య పంతాల సంగతి. పంతం చెడ్డదని నేను అనను, అది లేకపోతే ఉదయం ఐదున్నరకు మైదానానికి ఎవరూ రారు. మసాచుసెట్స్‌లోని ఆమ్హెర్‌స్ట్, విలియమ్స్ కళాశాలలు 1859 జులై 1న పిట్స్‌ఫీల్డ్ పట్టణంలో ఆడినదే కళాశాలల మధ్య జరిగిన మొదటి బేస్‌బాల్ మ్యాచ్. ఆమ్హెర్‌స్ట్ 73-32తో గెలిచింది. మరునాడు అవే రెండు కళాశాలలు చదరంగంలో కూడా తలపడ్డాయి, అక్కడా ఆమ్హెర్‌స్టే గెలిచింది. ఆ పంతం ఈనాటికీ తీరలేదు. అది అంతకాలం నిలవడానికి కారణం ఏటా ఆ రెండూ ఎదురెదురు పడటమే. మన దగ్గర పంతం వేరే దారి పట్టింది. నాకౌట్ పద్ధతిలో డ్రా తీస్తారు, సగం జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి వెళతాయి, మళ్ళీ ఏడాది వరకు ఆ రెండు కళాశాలలు ఎదురుపడే అవకాశం ఉండదు. మైదానంలో తీర్చుకునే వీలు లేని పంతాన్ని అడ్మిషన్ల దగ్గర తీర్చుకుంటారు. ఫీజు రాయితీ ఆశ చూపి పక్క కళాశాల పిచర్‌ను పీజీలో చేర్చుకోవడం, అదీ కుదరకపోతే ఏకంగా కోచ్‌నే లాక్కోవడం జరుగుతున్నాయి.

నగరంలోని ఒక కళాశాలలో, పొరుగు కళాశాల చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడారన్న కారణంతో, పార్ట్‌టైమ్ కోచ్‌ను వారం తిరగకుండానే మాన్పించిన సంగతి నాకు తెలుసు. బేస్‌బాల్ తెలిసినవారెవరూ ఒక్క మ్యాచ్ చూసి కోచ్‌కు మార్కులు వేయరు. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో వంద గెలిస్తే గొప్ప జట్టంటారు, అంటే అంత గొప్ప జట్టు కూడా అరవై మ్యాచ్‌లు ఓడుతుంది. 2008లో కనెక్టికట్‌లోని ట్రినిటీ కళాశాల 45 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడి మూడో డివిజన్ విజేత అయింది. ఆ ఒక్క ఓటమి జాతీయ పోటీల చివరి దశలోనే ఎదురైంది. రెండుసార్లు ఓడితేనే నిష్క్రమించే పద్ధతి గనుక ఆ జట్టు మళ్ళీ ఆడి టైటిల్ నిలబెట్టుకుంది. అదే మన నాకౌట్‌లో అయితే ఆ కోచ్ బిల్ డెకర్ గారికి మరునాడు మెమో అందేదేమో!

ఆ డెకర్ గారే 2012లో ట్రినిటీని వదిలి హార్వర్డ్‌కు వెళ్ళారు. మంచి అవకాశం వస్తే కోచ్ వెళ్ళడం తప్పు కాదు, ఆపాలనడం న్యాయం కూడా కాదు. మన పార్ట్‌టైమ్ కోచ్‌లకు ఇచ్చే గౌరవ వేతనం చూసినవారెవరూ వాళ్ళను నిలబడమని గట్టిగా అడగలేరు. నా అభ్యంతరం వెళ్ళే సమయం గురించి, వెళ్ళే పద్ధతి గురించి. అక్కడ మార్పులు ఎక్కువగా సీజన్ ముగిసిన తరవాత వేసవిలో జరుగుతాయి, కొత్త కోచ్ తరగతులు మొదలయ్యేలోపు కుదురుకుంటారు. ఇక్కడ సీజన్ నడుమ ఉత్తర్వు వస్తుంది, పాతవారు రిలీవ్ అయిన రోజుకూ కొత్తవారు చేరిన రోజుకూ మధ్య జట్టు బాధ్యత ఆఫీసు సూపరింటెండెంట్ గారి బల్ల మీద ఉంటుంది. పైగా మన సీజన్ వర్షాలు, తుపాన్ల కాలంలో పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తరవాత మైదానాలు ఎలా ఉన్నాయో విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. ఏ వారం తడి ఆరుతుందో తెలియని ఊళ్ళో, సాధనకు దొరికేవే కొద్ది రోజులు.

ఎక్కువకాలం ఉన్న ప్రతి కోచ్ మంచివాడని నేను వాదించడం లేదు. హాజరు పట్టీలో సంతకం పెట్టి మైదానానికి రానివారు, పిల్లలను నోటికొచ్చినట్లు తిట్టేవారు, తమ బంధువుల పిల్లలకే చోటిచ్చేవారు ఉన్నారు, అలాంటివారిని సీజన్ మధ్యలో అయినా సరే తప్పించాలి. ఓడినందుకు మాత్రం తప్పించకూడదు. శాస్త్ర విద్యకు ప్రసిద్ధి చెందిన కాల్టెక్ బేస్‌బాల్ జట్టు వరుసగా 228 మ్యాచ్‌లు ఓడి 2013లో గాని ఒక గెలుపు చూడలేదు. అయినా ఆ జట్టును రద్దు చేయలేదు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్-సదర్న్ కళాశాల డబ్బులేక 2024 మే 31న శాశ్వతంగా మూతపడింది. ఆ రోజే దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో మూడో డివిజన్ జాతీయ పోటీల్లో ఆడుతోంది. మూసివేత వార్త మార్చిలోనే తెలిసినా ఆటగాళ్ళూ కోచ్‌లూ చెదిరిపోకుండా సీజన్ ముగించారు, మరునాడు ఒక మ్యాచ్ గెలిచారు కూడా. కళాశాలే లేకుండా పోయిన రోజున వాళ్ళు జట్టును నిలుపుకోగలిగినప్పుడు, భవనాలూ నిధులూ విద్యార్థులూ ఉన్న మన కళాశాలలు ఒక్క బదిలీ ఉత్తర్వుతో జట్టును పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు.

కాబట్టి నా విన్నపం ఇది. పార్ట్‌టైమ్ కోచ్‌ల ఒప్పందం ఒక ఏడాదికి కాక, ఒక డిగ్రీ బ్యాచ్ చదువు ముగిసే వరకు ఉండాలి. ప్రభుత్వ కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లకు బదిలీ తప్పనిసరైతే, అంతర కళాశాలల పోటీలు ముగిసే వరకు రిలీవ్ చేయకుండా ఉండే వెసులుబాటు ప్రిన్సిపాళ్ళకు ఇవ్వాలి. వెళ్ళేవారు తమ తరవాత వచ్చేవారికి ఒక పుస్తకం అప్పగించి సంతకం తీసుకోవాలి. స్టాకు రిజిస్టరులో గ్లవ్‌లు, హెల్మెట్లు ఎన్ని ఉన్నాయో ఇప్పటికే లెక్క అప్పగిస్తున్నారు. ఏ పిచర్ ఎంత విసిరాడో, ఎవరికి ఏ గాయం అయిందో, ఏ సైగలు వాడుతున్నారో అదే బుద్ధితో రాసి ఇవ్వమంటున్నాను. దీనికి ఖర్చు ఏమీ లేదు.

మరొకటి ఆంధ్ర విశ్వవిద్యాలయ క్రీడా విభాగం చేయవలసింది. 1926లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా ఎన్నో కార్యక్రమాలు తలపెడుతున్నారు. వాటితో పాటు బేస్‌బాల్‌లో నాకౌట్ తీసేసి కనీసం రెండు ఓటముల పద్ధతిని తేవాలి, నగరంలోని కళాశాలలు ఏటా ఒకరి మైదానంలో ఒకరు ఆడే ఏర్పాటు చేయాలి. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ మళ్ళీ వస్తోందన్న కబురుతో ట్రయల్స్‌కు వచ్చే పిల్లల సంఖ్య పెరిగే అవకాశం ఉంది. వచ్చే విద్యా సంవత్సరానికి క్రీడా క్యాలెండర్ ఖరారు చేసే సమావేశంలోనే ఈ రెండు విషయాలనూ చర్చకు పెట్టాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టరు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం